చేప గుర్తుకే మీ ఓటు

మా వీధి ఓట్లడగడంలో ఆరితేరిన వీధి. వార్డు మెంబరు దగ్గర్నుంచి చేపల సంఘం అధ్యక్షుడి దాకా ఎవరు నిలబడ్డా మా వాళ్లకు పండగే. నిలబడ్డవాడికంటే ముందు మా వాళ్ల గొంతులే పోతాయి. అలాంటి వీధి ఒక ఆటకు ఓట్లడగడానికి బయల్దేరితే కొంప ముంచకుండా ఊరుకుంటుందా? ముంచింది. దాని గురించే చెప్తాను.

ఆట మాదే. నేనూ మా వదినా కలిసి చేశాం. నేను ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గర ఒక ప్రెస్సులో డీటీపీ చేస్తాను. రోజంతా లగ్గం పత్రికలు, గృహప్రవేశాలు, దశదినకర్మ కార్డులు. అత్తగారిల్లు ఒక గల్లీ అవతలే కాబట్టి పని అయ్యాక ఎక్కువగా పుట్టింట్లోనే ఉంటాను. మా అన్న ఆటో నడుపుతాడు. వదిన అన్న భార్య. పెళ్లయినప్పటి నుంచీ ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేసేది. పొద్దున్నే మా వీధి మలుపులో కంపెనీ బస్సు ఆగి హారన్ కొడుతుంది, ఆడవాళ్లు పరుగెత్తి ఎక్కుతారు. వదిన చెయ్యి ఖాళీగా ఉండదు. అట్టపెట్టె దొరికితే దాని మీద బొమ్మ గీస్తుంది. కంపెనీ డబ్బాల మీద కూడా గీసి సూపర్‌వైజర్‌తో తిట్లు తిన్నది. గీసింది ఆ సూపర్‌వైజర్ మొహమే కావడం వల్ల తిట్లు కొంచెం ఎక్కువే పడ్డాయి.

ఆట మొదలుపెట్టినప్పుడు వదిన కంపెనీ మానేసింది. అన్న ఒక ఏడాదికి ఒప్పుకున్నాడు. ఆ ఏడాది ముగిసే వేళకు, ఇలాంటి ఆటలకు హైదరాబాదులో ఇచ్చే అవార్డు ఫలితం వస్తుంది. వదిన లెక్క సూటిగా ఉండేది. "గెలిస్తే నా బొమ్మలు నలుగురు చూస్తరు, పని దొరుకుతది. ఓడితే సోమవారం మళ్ల బస్సెక్కుతా. ఏడ్వను, ఎవ్వల మీద పడను," అన్నది. కంపెనీలో కూడా అదే మాట చెప్పి పెట్టుకున్నది. అంచేత ఆ అవార్డు నాకు సరదా కావచ్చుగానీ వదినకు మాత్రం కాదు. ఈ సంగతి మనసులో పెట్టుకుని మిగతాది వినండి.

ఇంతకీ ఆ ఆటేమిటంటే, ఇంగ్లీషులో దాన్ని టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్ అంటారు. మా ఇంట్లో టేబుల్ లేదు కాబట్టి చాప మీద ఆడతాం. నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు తలా ఒక మనిషై ఆ కథలో దూరతారు. ఏం చేస్తావో నువ్వే చెప్పాలి. చెప్పినట్టు జరిగిందో లేదో మామూలుగా పాచికలు తేలుస్తాయి. నాకు ఈ సంగతి శేరిగూడ ఇంజనీరింగ్ పిల్లల వల్ల తెలిసింది. వాళ్లు తమ ఆట పుస్తకం ప్రింటు తీయించుకోవడానికి ప్రెస్సుకు వచ్చేవాళ్లు. ఒకసారి మనిషి తక్కువైతే నన్ను కూర్చోమన్నారు. కోట, రాక్షసులు, మంత్రాలు, నాకొక కత్తి, ఒక గుర్రం. గుర్రానికి గడ్డి ఎవరు వేస్తారని అడిగాను. ఈ ఆటలో అది అవసరం లేదక్కా అన్నారు. నాకు అక్కడే మండింది. గడ్డి వేయని వాళ్లకు గుర్రం ఎందుకట?

అప్పటికి మా చెరువు నిండి ఎంతో కాలం కాలేదు. నా చిన్నతనమంతా అది ఎండి ఉండేది. మా బాపు చేపలు పట్టే ఇంట పుట్టి, నీళ్లు లేక, శేరిగూడలో ఒక కాలేజీ గేటు దగ్గర వాచ్‌మెన్‌గా చేశాడు. తర్వాత ఒక వానాకాలం చెరువు నిండి అలుగు పారింది. ఇబ్రహీంపట్నం ఊరంతా ఫోన్లు పట్టుకుని కట్ట మీదికి పోతే బాపు అటకమీది వల దింపుకుని పోయాడు. చేపలు బాగానే పడ్డాయి. చిక్కు పంచుకునే దగ్గర వచ్చింది. వీధిలో పడుచువాళ్లెవరూ అంతకు ముందు కలిసి చేపలు పట్టింది లేదు, పంచుకున్నది లేదు. రవ్వ చేప నాదంటే నాదని ఒడ్డున కొట్టుకున్నంత పని చేశారు.

ఆ సాయంత్రం బాపు వాళ్లను మా వాకిట్లో చాప మీద కూర్చోబెట్టి చింతగింజలు పోశాడు. గింజలే చేపలు. ఒకడిని పంచమన్నాడు. వాడు కుప్పలు పెట్టి, పెద్ద కుప్ప మీద చెయ్యేశాడు. బాపు ఆ చెయ్యి పట్టుకుని, "కుప్పలు పెట్టినోడు ఆఖరి కుప్ప ఎత్తుకోవాలె. ముందుగాల ఎత్తుకున్నోని చేతుల వంకర వుంటది," అన్నాడు. మా వీధి పాత పద్ధతి అది. పంచేవాడికి చివరికి మిగిలిందే దక్కుతుంది కాబట్టి అన్ని కుప్పలూ సమంగా పెట్టక తప్పదు. నేను గడపలో కూర్చుని చూస్తున్నాను. వాళ్లు పంచుతూ, వాదించుకుంటూ, మా ఇంట్లో ముసలమ్మకు ముళ్లు తక్కువున్నది కావాలని ఒకడు, నిరుడు నాకు అన్యాయం జరిగిందని ఒకడు, లేని నిరుడును కల్పించుకుని మరీ ఆడుతున్నారు. పక్కన వదిన ఏదో అట్టముక్క మీద వాళ్ల మొహాలు గీస్తున్నది. మేమిద్దరం ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం.

అలా పుట్టిందే మా ఆట. పేరు 'ఆఖరి కుప్ప'. పాచికల బదులు గవ్వలు, చేపల బదులు చింతగింజలు. ఒక్కొక్కరికి ఒక మనిషి కార్డు: వల చిరిగిన జాలరి, కూతురి ఫీజు కట్టాల్సిన తల్లి, అన్నతో మాటల్లేని తమ్ముడు. కథ నడిపేవాడే చివర్న కుప్పలు పెట్టాలి, అందరూ ఎత్తుకున్నాక మిగిలింది తీసుకోవాలి. కార్డుల మీద బొమ్మలన్నీ వదినవే. మా ప్రెస్సు యజమాని మిగిలిపోయిన లగ్గం పత్రికల అట్ట ఇచ్చాడు కాబట్టి ప్రతి కార్డు మూలనా బంగారు రంగు వినాయకుడు ఉంటాడు. చేపల ఆటలో వినాయకుడేమిటని ఎవరైనా అడిగితే విఘ్నాలు తొలగడానికి అని చెప్పుకున్నాం.

చేయడమైతే చేశాం. దాన్ని ఎవరు ఆడతారు? వాకిలి దాటితే మా ఆట ఎవరికీ తెలియదు. పెద్ద కంపెనీలకు దుకాణాలున్నాయి, రంగురంగుల పెట్టెలున్నాయి, పెట్టెల్లో వేలెడంత బొమ్మలున్నాయి. మాలాంటి వాళ్లకు బయటి మనిషి కంటపడటానికి ఒక్కటే దారని శేరిగూడ పిల్లలు చెప్పారు. ఏటా హైదరాబాదులో ఇలాంటి ఆటలకు అవార్డులిస్తారు. దేశం నలుమూలల నుంచీ ఆటలొస్తాయి. జడ్జీలు ఆడి చూసి జాబితా చేస్తారు. జాబితాలోని వాటికి ఆడేవాళ్లు ఓట్లేస్తారు. జడ్జీల మార్కులు, ఓట్లు కలిపి ఫలితం. చిన్న ప్రచురణకర్తలకు విడిగా ఒక విభాగం కూడా ఉంది. పిల్లలు మా ఆటను ఇంగ్లీషులోకి మార్చిపెట్టారు, పంపించాం.

పంపి ఊరుకుంటే బాగుండేది. నేను వెనకటి ఏళ్ల జాబితాలన్నీ తీసి చదివాను. పెద్ద కంపెనీల పేర్లు ఏటేటా ఉన్నాయి, చుట్టాల ఇళ్ల పెళ్లికి తప్పకుండా వచ్చే మేనమామల్లాగా. చిన్నవాళ్ల పేర్లు ఒక ఏడు కనిపించి, మరుసటి ఏడు మాయం. మంచి మంచి పేర్లు. చేనేత మగ్గం మీద ఒక ఆట, రైలు పెట్టెలో జరిగే ఆట, నిజామాబాదు వైపు నుంచి బీడీ కార్ఖానా మీద ఒక ఆట. ఆ పేర్లన్నీ ఏమైపోయాయి? వాళ్లూ ఒక ఏడాది గడువు పెట్టుకుని చివరికి ఏదో ఒక బస్సెక్కేశారా? వదినకు ఈ సంగతి చెప్పలేదు. నాకు మాత్రం భయం పట్టుకుంది.

జాబితాలో మా ఆట వచ్చింది. చిన్నవాళ్ల విభాగంలో, అక్షర క్రమంలో అయినా సరే, మొట్టమొదటి పేరు. వదిన ఆ రోజు వంట చేస్తూ చేస్తూ మధ్యలో వచ్చి నా ఫోన్ తీసుకుని చూసుకుని మళ్లీ పొయ్యి దగ్గరికి పోయేది. బాపు బయటికి పోయి కొర్రమట్ట చేప పట్టుకొచ్చాడు. అన్న మాత్రం ఒకటే అడిగాడు, ఓట్లు ఎప్పటి నుంచి అని.

నేను ఆ ప్రశ్నను తేలిగ్గా తీసుకున్నాను. లగ్గాల సీజను, ప్రెస్సులో తల గోక్కునే తీరిక లేదు. ఓ రోజు పొద్దుటి పూట ఒక పెళ్లికొడుకు తాతగారి పేరు సరిచేస్తుంటే రోడ్డు మీద మైకు వినిపించింది. "మన పట్నం ఆడబిడ్డల ఆట, మన చెరువు ఆట, చేప గుర్తుకే మీ ఓటు" అని. గొంతు మా అన్నది. బయటికి పరుగెత్తి చూస్తే ఆటోకు రెండు పక్కలా వదిన గీసిన చేప బొమ్మ. లోపల కూర్చున్న వాళ్లు కరపత్రాలు విసురుతున్నారు. ఒకటి తీసి చూశాను. 'మీ అమూల్యమైన ఓటును' అని మొదలైంది. అందులో నాలుగు అచ్చుతప్పులు. పైగా అది మా ఎదురు ప్రెస్సులో వేయించారు. నాకు ఆశ్చర్యంగా ఉండాలని అట! ఇంట్లో డీటీపీ చేసే చెల్లెలు ఉండగా ఎదుటివాడి దగ్గర అచ్చేయించిన అన్నను ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు.

తర్వాత తెలిసింది ఇది. ఓటు వెబ్‌సైటులో గుర్తులుండవు, ఇంగ్లీషు పేర్లు మాత్రమే ఉంటాయి, పక్కన ఆట అట్ట బొమ్మ. మా పెద్దవాళ్లేమో గుర్తు లేని ఓటు ఓటే కాదన్నారు. మా ఆట అట్ట మీద చేప ఉంది కాబట్టి అదే మన గుర్తు అని అన్న తేల్చేశాడు. ఆడవాళ్లకు ఇంటింటికీ పోయి బొట్టు పెట్టి పిలిచారు. బస్టాండు పక్కన ఇంటర్నెట్ సెంటరు వాడు కుర్చీలు వేశాడు, చాయ్ తెప్పించాడు. ఒకే కంప్యూటర్ ముందు వీధి వీధంతా వరుసలో నిలబడి, ఎవరి ఫోనుకు వచ్చిన నంబరు వాళ్లు చెప్పుకుంటూ, చేప బొమ్మ మీద నొక్కి వచ్చారు. సంఘం స్టాంపు ఇంకు తెచ్చి వేలి మీద చుక్క పెట్టుకున్నవాళ్లు కూడా ఉన్నారు. దొంగ ఓటు ఒక్కటీ లేదు. ఆ విషయంలో మా వాళ్లను వేలెత్తి చూపలేరు.

అక్కడితో ఆగినా సరిపోయేది. గోరుచుట్టు మీద రోకటిపోటులా, ఇంకు చుక్కల వేళ్లు పైకెత్తి అందరూ ఒక ఫోటో దిగారు. అన్న దాన్ని గర్వంగా ఆ అవార్డుల వాళ్ల పేజీలోనే పెట్టాడు.

రెండో రోజు అవార్డులు చూసుకునే మేడమ్ ఫోన్ చేసింది. చిన్నపిల్లే, మర్యాదగా మాట్లాడింది. ఒకే కంప్యూటర్ నుంచి, ఒకే పూట అన్ని ఓట్లు ఎలా పడ్డాయని అడిగింది. జరిగింది జరిగినట్టు చెప్పాను. అవతల నవ్వు ఆపుకున్నదేమో అనిపించింది. తర్వాత అడిగింది: "అక్కా, కంప్యూటర్ సంగతి అటుంచండి. ఓటేసినవాళ్లు మీ ఆట ఆడారా?"

లెక్క వేసుకున్నాను. ఆడినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టే అంతమంది. మిగతావాళ్లకు అది చేపల ఆట అని తప్ప ఏమీ తెలియదు. ఆట ఆడినవాళ్లే ఓటెయ్యాలన్నది అక్కడి మొదటి నియమం. ఆ ఓట్లన్నీ తీసేస్తామని మేడమ్ చెప్పింది. ఆట జాబితాలో ఉండాలా వద్దా అన్నది జడ్జీలు నిర్ణయిస్తారట. నాకు సిగ్గేసింది. ఓట్లు పోయినందుకు కాదు. మా సొంత వీధే మా ఆట ఆడలేదు, మేం దేశమంతా ఆడాలని కూర్చున్నాం.

ఇంటికి పోయి చెప్పాను. అన్న అన్నం ముందు కూర్చుని చెయ్యి కడిగేసుకున్నాడు. వదిన అల్మారా పైనుంచి కంపెనీ గుర్తింపు కార్డు తీసి, కొంగుతో తుడిచి, గూట్లో పెట్టుకున్నది. ఆమె ఏడ్చి ఉంటే బాగుండేది. అది చూసి నేను అన్న మీద పడ్డాను. మైకు, కరపత్రాలు, అచ్చుతప్పులు, అన్నీ కలిపి కడిగేశాను. బాపు నా అరుపులు అయ్యేదాకా ఆగాడు.

"ఆడనోళ్ల ఓట్లు పోతే పోనీ," అన్నాడు. "మంది ఉన్నరు, ఆట ఉన్నది. ఇంటింటికి బొట్టు పెట్టి పిలిస్తిరి గద, మళ్ల పిల్వుండ్రి. గీసారి ఆడనీకి పిల్వుండ్రి."

ఓట్లు తిరిగి రావు కదా అని అన్న అన్నాడు. ఓట్ల కోసం ఎవడు చెప్పిండు అని బాపు కసురుకున్నాడు.

చేపల సంఘం హాల్లో చాపలు పరిచాం. మొదటి రోజు మొహమాటానికి వచ్చారు. ఓటేస్తే అయిపోయింది గద, మళ్ల ఈ పని ఏంది అని గొణిగిన వాళ్లున్నారు. అయితే పంపకం దగ్గరికి వచ్చేసరికి మొహమాటాలన్నీ పోయాయి. కథలో కోడలైన ఒక అత్తగారు తన సొంత కోడలి మాటలన్నీ అచ్చు అలాగే దింపితే హాలంతా ఒకటే నవ్వు. కోడలు కూడా నవ్వింది, కొంచెం ఆలస్యంగా. మార్కెట్లో చేపలమ్మే ఒక పెద్దమ్మ ఉంది మా వీధిలో. ఆమెకు చదువు రాదు, కార్డు మీద రాసింది చదివి చెప్పమంటుంది. కథ నడపడం మొదలుపెడితే మాత్రం టీవీ సీరియళ్లు దిగదుడుపే. మరునాటికి హాలు చాలక వరండాలో కూడా చాపలు వేశాం. అన్న నోరెత్తకుండా చాపలు మోశాడు. మైకు ముట్టుకోలేదు.

నేను మేడమ్‌కు ఫోన్ చేసి ఉన్నమాట చెప్పాను. చాలామంది ఆడకుండానే ఓటేశారు, ఇప్పుడు ఆడుతున్నారు, ఓట్లు తిరిగి ఇమ్మని అడగడం లేదు, వీలైతే వచ్చి చూడమన్నాను. వస్తారని నమ్మకమేమీ లేదు. ఆదివారం మధ్యాహ్నం మేడమ్ ఒక జడ్జిని వెంటబెట్టుకుని వచ్చింది. నడివయసు మనిషి, చాలా ఆటలు చేసినవాడని, ఆ లోకంలో పెద్దవాడని పిల్లలు చెప్పారు. చాప మీద కూర్చోవడానికి మోకాళ్లు సహకరించక గోడకు ఆనుకుని కాళ్లు చాపుకున్నాడు. పెద్దమ్మ గుంపులో చోటు దొరికింది. కథ తను నడుపుతానన్నాడు.

బాగానే నడిపాడు, అందులో ఆయన గొప్పను కాదనలేం. వానలో వల కొట్టుకుపోవడం ఎంత బాగా చెప్పాడంటే పక్క చాపల వాళ్లు కూడా ఆట ఆపి విన్నారు. చివరికి చింతగింజలతో కుప్పలు పెట్టాడు. మాటల సందడిలో అలవాటుగా ఒక కుప్ప తన వైపు లాక్కోబోయాడు. పెద్దమ్మ ఆయన చెయ్యి మీద మెల్లిగా ఒకటి వేసింది. "జర ఆగు బిడ్డా. కుప్పలు పెట్టినోనివి. నీది ఆఖర్న," అన్నది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఒక్కొక్కరూ తమ మనిషికి ఎందుకు ఎంత కావాలో చెప్పి ఎత్తుకున్నారు. ఆయన చూసుకోకుండా ఒక కుప్ప చిన్నగా పెట్టాడు. సరిగ్గా అదే మిగిలింది. నాలుగు గింజలు. అందరూ నవ్వారు, ఆయన కూడా నవ్వి, ఆ గింజలు చేతిలో వేసుకుని ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నాడు.

"ఈ రూలు మా అవార్డులకు పెడితే ఒక్క జడ్జి కూడా దొరకడు," అన్నాడు చివరికి.

"అవ్," అన్నాడు బాపు. "దొరికినోడే జడ్జి."

పోయేముందు కార్డు ఒకటి వెలుగులో పెట్టి చూసి ఎవరు గీశారని అడిగాడు. వదిన చాయ్ పోస్తూ తలెత్తలేదు. నేనే చూపించాను. తలాడించి వెళ్లిపోయాడు. రెండు రోజుల తర్వాత మేడమ్ ఫోన్ చేసి, ఆట జాబితాలో ఉంటుంది, కొట్టేసిన ఓట్లు మాత్రం కొట్టేసినట్టే అని చెప్పింది. అంతకన్నా మేమూ ఆశించలేదు. కానీ మనిషి మనసు ఊరుకోదు కదా. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, గెలిస్తే స్టేజీ మీద ఏం మాట్లాడాలో నేను ప్రెస్సులో కూర్చుని అనుకుంటూనే ఉన్నాను.

ఫలితాల రోజు శనివారం. హైదరాబాదులో ఒక హోటల్ హాలు. నేను, వదిన, బాపు బస్సులో పోతామంటే అన్న వినలేదు, ఆటోలోనే తీసుకుపోయాడు. చేప బొమ్మలు మాత్రం పీకేశాడు. జాబితాలో ఉన్నవాళ్లందరికీ తలా ఒక బల్ల ఇచ్చారు. ముందు వరుసలో పెద్ద కంపెనీల బల్లలు, లైట్లు, అద్దాల పెట్టెల్లో రాక్షసుల బొమ్మలు. వెనక గోడ పక్కన మా చిన్నవాళ్ల బల్లలు. మా బల్ల మీద బంగారు వినాయకుళ్లు మెరుస్తున్నారు. ఆ గదిలో మా ఆటను చూసి ఎవరైనా ముందు అడిగింది పెళ్లెవరిదని.

ముఖ్యమైన అవార్డు ఒక పెద్ద కంపెనీకి పోయింది. అది అందరికీ ముందే తెలుసు, వాళ్లు కూడా ఆశ్చర్యపడ్డట్టు నటించలేదు. తర్వాత చిన్న ప్రచురణకర్తల విభాగం. వదిన నా చెయ్యి పట్టుకున్నది. పేరు చదివారు. మాది కాదు. ఇద్దరు అన్నదమ్ములు చేసిన ఆట, దవాఖాన వరండాలో ఎదురుచూసే మనుషుల మీద. మంచి ఆటే. వదిన నా చెయ్యి వదిలి చప్పట్లు కొట్టింది. మిగతావాళ్లు ఆపేసినా ఇంకాసేపు కొట్టింది. నాకు ఏడుపొచ్చింది. ఏడుపుతో పాటు కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. అన్న తలుపు దగ్గర నిలబడి నేల చూస్తున్నాడు. ఆ క్షణంలో అన్న మీద నాకున్న కోపమంతా పోయింది. వదినకు ఓట్లు తేవాలన్న ఆత్రంలో తప్ప అతను ఏ తప్పూ చేయలేదని అప్పుడు అనిపించింది.

సామాను సర్దుతుంటే ఒక మనిషి వచ్చి మా కార్డులు తీసి చూడటం మొదలుపెట్టాడు. గళ్ల చొక్కా, భుజాన బట్ట సంచి. తనూ ఆటలు చేస్తానని, నిజామాబాదు వైపు అని చెప్పాడు. బీడీ కార్ఖానా ఆటా అని అడిగాను. ఆయన ఆశ్చర్యపోయాడు. ఆ పేరు ఎలా తెలుసని అడిగితే, పాత జాబితాలు చదివానని, ఆ తర్వాత మీ పేరు ఎక్కడా కనిపించలేదని అన్నాను.

"లిస్టుల లేకపోతే మానేసిననుకున్నవా అక్కా?" అని నవ్వాడు. "లిస్టుల ఒక్కసారే ఉన్న. ఆటలు చేస్తనే ఉన్న. గా లిస్టు చూసి నన్ను పిలిచినోళ్లతోటే ఇన్నేండ్లు నడుస్తున్నది."

మగ్గం ఆట చేసినామె కూడా ఇప్పుడు బడిపిల్లలకు ఆటలు చేస్తున్నదట. రైలు ఆట వాళ్ల సంగతి ఆయనకూ తెలియదు. ముగ్గురిలో ఇద్దరు ఉన్నారంటే నా గుండె మీది బరువు దిగింది. ఆయన వచ్చింది అసలు వదిన కోసం. ఆదివారం మా హాలుకు వచ్చిన జడ్జి ఈ బొమ్మలు చూడమని పంపించాడట. తన కొత్త ఆటకు బొమ్మలు గీసి పెడతావా అని అడిగాడు. కంప్యూటర్ల గీసుడు నాకు రాదన్నది వదిన. గా మాట నేనడగలే అన్నాడు ఆయన. ఈ మాటలు వింటూ దవాఖాన ఆట అన్నదమ్ములు కూడా వచ్చారు. చేతిలో అవార్డు ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక మా బల్ల మీద పెట్టి కార్డులు చూశారు. వాళ్ల ఆటలో మనుషులకు మొహాలే లేవు, ఉత్త పేర్లే. ఒక్కొక్కరికి ఒక మొహం కావాలి అన్నారు.

వదిన అవుననలేదు, కాదనలేదు. సర్దిన చాప మళ్లీ విప్పి, ముందు ఆడుండ్రి అన్నది. ఆ హోటల్ హాలు నున్నటి నేల మీద, వెనక బల్లల వాళ్లమంతా కూర్చున్నాం. బాపు కథ నడిపాడు. కుప్పలు పెట్టి, చేతులు కట్టుకుని, అందరూ ఎత్తుకునేదాకా ఆగాడు.

దారిలో ఆటోలో, ఆ పని ఒప్పుకుంటావా అని వదినను అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. ఇద్దరు అడిగినంత మాత్రాన ఇల్లు గడుస్తుందా? నెలనెలా వచ్చేది వేరు, ఎప్పుడో వచ్చేది వేరు. ఆదివారం పోయి చూస్తే ఆమె కంపెనీ కోటు ఉతికి తీగ మీద ఆరేస్తున్నది. ఓడితే సోమవారం బస్సెక్కుతానన్నది. ఓడాం. వదిన మాట తప్పే మనిషి కాదు. నేను కోటు వైపు చూసి ఇంటికి వచ్చేశాను.

సోమవారం పొద్దున్నే మనసు ఊరుకోక మళ్లీ పోయాను. అన్న ఆటో తుడుస్తున్నాడు. బాపు పళ్లు తోముకుంటున్నాడు. కోటు ఇంకా తీగ మీదే ఉంది. వదిన వాకిట్లో చాప వేసుకుని కూర్చుని ఉంది, చుట్టూ తెల్ల అట్టముక్కలు. ఒకదాని మీద దవాఖాన బల్ల, దాని మీద ఒడిలో క్యారియర్ పెట్టుకుని కూర్చున్న ఒక ముసలామె. ఆమె మొహం మా పెద్దమ్మది. నేను అన్న వైపు చూశాను.

"నన్నేం చూస్తవ్," అన్నాడు. "ఇంకో ఏడాది చూద్దమన్న. అంతే."

మలుపులో హారన్ మోగింది. వదిన పెన్సిలు ఆపలేదు, తలెత్తలేదు.

"పిల్లా, జర పోయి చెప్పు," అన్నది.

పోయాను. కిటికీల్లోంచి ఆడవాళ్లందరూ తొంగి చూస్తున్నారు. వాళ్లలో సగం మంది చేప గుర్తుకు ఓటేసినవాళ్లే. డ్రైవర్ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి అడిగాడు.

"ఏమాయె, గెలిచిండ్రా?"

"లేదన్నా. ఓడినం."

"మరి, వస్తున్నదా?"

"రాదు," అన్నాను.

ఆయన తలూపి గేరు వేశాడు. బస్సు వదిన సీటు ఖాళీగానే పెట్టుకుని మలుపు తిరిగింది.